60 వేలలో గేమింగ్ పీసీ: ఆ కొటేషన్ పక్కన పెట్టి ఇలా కొనండి

మీరు అడిగింది ముందు ఒకచోట పెడతాను, చదివేవాళ్లకు తెలియాలి కదా. బడ్జెట్ 60 వేలు, అదీ సీపీయూ డబ్బా వరకే. 1080పీ, 144 హెర్ట్జ్ మానిటర్, కీబోర్డు, మౌస్ ఇప్పటికే ఉన్నాయి. ఆడేవి వాలరెంట్, సీఎస్2, జీటీఏ 5, అప్పుడప్పుడు కొత్తగా వచ్చే పెద్ద గేములు. మీ ఊళ్లో షాపువాళ్లు "ఐ7 గేమింగ్ పీసీ, 16 జీబీ ర్యామ్, 512 ఎస్‌ఎస్‌డీ, 4 జీబీ గ్రాఫిక్స్, ఆర్‌జీబీ క్యాబినెట్" అని 38 వేలకు కొటేషన్ ఇచ్చారు. 22 వేలు మిగులుతున్నాయి, తీసుకోవచ్చా అన్నది ప్రశ్న.

వద్దు. ఆ కాగితంలో ఒక్క వస్తువుకీ పూర్తి పేరు లేదు, అసలు మతలబంతా అక్కడే ఉంది. ఐ7 అనేది సగం పేరు. దాని వెనకాల వచ్చే అంకె చెప్పలేదంటే అది చాలావరకు ఐ7-3770 అయి ఉంటుంది, 2012 నాటిది. నాలుగు కోర్లు, డీడీఆర్3 ర్యామ్, దాని కింద ఏదో ఊరూ పేరూ లేని హెచ్61 మదర్‌బోర్డు. హెచ్61 చిప్‌సెట్‌లో సాటా (డిస్కు తగిలించే దారి) వేగం సెకనుకు 3 గిగాబిట్ల దగ్గరే ఆగిపోతుంది కాబట్టి 512 ఎస్‌ఎస్‌డీ పెట్టినా సగం వేగమే వస్తుంది. విండోస్ 11 అధికారికంగా దాని మీద ఎక్కదు, విండోస్ 10కి ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఈరోజు దొరికే చిన్న ప్రాసెసర్ ఐ3-12100ఎఫ్‌లోనూ నాలుగు కోర్లే. అయినా ఆ నాలుగు కోర్లే ఆ పాత ఐ7ని సునాయాసంగా దాటేస్తాయి.

"4 జీబీ గ్రాఫిక్స్" ఇంకా ఘోరం. ఇలాంటి ప్యాకేజీల్లో ఎక్కువగా కనిపించేది జీటీ 730. ఆ 4 జీబీ డీడీఆర్3 మెమరీ. అది సెకనుకు 30 జీబీ డేటా కూడా అటూ ఇటూ మోయలేదు. ఆర్‌ఎక్స్ 6600 లాంటి మామూలు బడ్జెట్ కార్డు 224 జీబీ మోస్తుంది. గోదాం ఎంత పెద్దదైనా తలుపు సందంత ఉంటే సరుకు బయటికి రాదు. పైన పటారం లోన లొటారం అంటారే, ఆ రంగు లైట్ల ఆర్‌జీబీ క్యాబినెట్ అచ్చంగా అదే.

కాబట్టి ఏ షాపుకు వెళ్లినా మొదటి పని, ప్రతి వస్తువుకూ కంపెనీ పేరు, పూర్తి మోడల్ నంబరు, వారంటీ ఎన్నేళ్లు అనేది కాగితం మీద రాయించుకోవడం. కరెంటు అందించే పవర్ సప్లై డబ్బాకు ఉత్తినే "ఎస్‌ఎమ్‌పీఎస్ 450 వాట్స్" అని రాస్తే అది రాసినట్టు కాదు. హైదరాబాద్ రావడం కుదిరితే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ షాపుల సముదాయం సీటీసీలో నాలుగు షాపుల్లో అదే లిస్టు చూపించి రేట్లు అడగండి, తర్వాత ఆన్‌లైన్ రేట్లతో పోల్చండి. షాపులో అడిగేటప్పుడు రేటు 18 శాతం జీఎస్టీ కలిపి చెప్పారా, విడిగానా అని అడగడం మర్చిపోవద్దు.

ఇక లిస్టు. రేట్లు వారం వారం మారుతున్నాయి, అందుకని ఈ అంకెల్ని ధరలుగా కాకుండా ఒక్కో పద్దుకు మీరు పెట్టాల్సిన హద్దుగా చూడండి.

గ్రాఫిక్స్ కార్డు: 22 వేలు
ప్రాసెసర్, బోర్డు కలిపి: 17 వేలు
ర్యామ్: 8 వేలు
ఎస్‌ఎస్‌డీ: 5 వేలు
ఎస్‌ఎమ్‌పీఎస్: 4,500
క్యాబినెట్, ఫ్యాన్లు: 3,500

2025 చివరి నుంచి ర్యామ్ రేట్లు బాగా ఎగబాకాయి, కాబట్టి ఆ 8 వేల పద్దు దాటిపోయే అవకాశం ఎక్కువ. దాటితే ఆ తేడా బోర్డులో కోయండి, క్యాబినెట్‌లో కోయండి, ఎస్‌ఎస్‌డీ 1 టీబీ బదులు 500 జీబీ తీసుకోండి. ఎస్‌ఎమ్‌పీఎస్‌లో మాత్రం కోయొద్దు. ఎందుకో కింద చెప్తాను.

కార్డు ముందు ఖాయం చేసుకోండి. 1080పీకి ఇప్పుడు 8 జీబీ మెమరీ కనీసం. 4 జీబీ కార్డులో కూడా సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేములు) బాగానే కనిపిస్తుంది, యూట్యూబ్ వీడియోల్లో చూపించేది అదే. కానీ టెక్స్చర్లు, అంటే గేములో వస్తువుల మీద పరిచే బొమ్మలు, కార్డు మెమరీలో పట్టక మామూలు ర్యామ్‌లోకి పొంగినప్పుడు, కెమెరా గిర్రున తిప్పగానే గేమ్ గతుక్కుమంటుంది. ఆ గతుకు సగటులో కనపడదు. మీ బడ్జెట్‌లో చూడాల్సినవి మూడు: ఆర్‌ఎక్స్ 6600, ఆర్‌ఎక్స్ 7600, ఆర్‌టీఎక్స్ 5050. మూడూ 8 జీబీయే. 6600 సుమారు 132 వాట్లు లాగుతుంది, 7600 దగ్గరదగ్గర 165, 5050 దాదాపు 130. 6600కీ మిగతా రెండింటికీ ధర తేడా మూడు వేల లోపుంటే పైవాటికి వెళ్లండి. గేమ్‌తో పాటు వీడియో ఎడిటింగ్, స్ట్రీమింగ్ ఉంటే 5050, గేములే అయితే 7600. తేడా నాలుగైదు వేలు దాటితే మాత్రం నిశ్చింతగా 6600 తీసుకుని మిగిలింది ర్యామ్‌లో పెట్టండి.

పేర్లతో మోసపోయేవి కొన్ని ఉన్నాయి. ఆర్‌టీఎక్స్ 3050 రెండు రకాలు. 8 జీబీది 130 వాట్ల కార్డు, 6 జీబీది 70 వాట్ల కార్డు. రెండోదానిలో మెమరీ ఒక్కటే కాదు, కోర్లు కూడా తక్కువ. అది పనికిరాదని కాదు, విడిగా పవర్ కేబుల్ అక్కర్లేదు కనుక పాత ఆఫీసు డెస్క్‌టాప్‌లో పెట్టుకోవడానికి బాగుంటుంది. కొత్త బిల్డ్‌కు వద్దు. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ 4 జీబీ కార్డు, పైగా కార్డును బోర్డుతో కలిపే పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారిలో నాలుగు లేన్లే వాడుతుంది, వీడియో రికార్డింగ్‌కు ఎన్‌కోడర్ లేదు. సెకండ్ హ్యాండ్‌లో ఆర్‌ఎక్స్ 580 చవగ్గా దొరుకుతుంది. అందులో 2048ఎస్‌పీ అనే తగ్గించిన రకం కలిపేసి అమ్ముతారు, అసలు 580లో 2304 షేడర్లు (లెక్కలు చేసే చిన్న యూనిట్లు) ఉండాలి, జీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్ తెరిస్తే ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. అసలుదే అయినా 2017 కార్డు. 2024 చివరి నుంచి కొన్ని పెద్ద గేములు కార్డులో హార్డ్‌వేర్ రే ట్రేసింగ్ (వెలుగునీడల్ని లెక్కగట్టే సదుపాయం) లేకపోతే అసలు తెరుచుకోవడమే లేదు, 580లో అది లేదు. ఇంటెల్ ఆర్క్ బీ580 గురించి ఎవరో ఒకరు చెప్తారు, 12 జీబీ ఉంది కదా అని. మంచి కార్డే, కానీ దాని డ్రైవర్ ప్రాసెసర్ మీద బరువు ఎక్కువ వేస్తుంది, కింద చెప్పబోయే రైజెన్ 5 5600 తరం ప్రాసెసర్ల పక్కన కొన్ని గేముల్లో దాని బలం బయటపడదు.

ప్రాసెసర్ విషయంలో రైజెన్ 5 5600. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, 65 వాట్లు, పెట్టెలోనే కూలర్ వస్తుంది. ఇంటెల్ వైపు ఐ5-12400ఎఫ్ దాదాపు సమానం. బోర్డుతో కలిపి ఏది తక్కువకొస్తే అది తీసుకోండి, ఇక్కడ కంపెనీ అభిమానం పెట్టుకోనక్కర్లేదు. ఒక్కటి గుర్తుంచుకోండి: రెండింటిలోనూ లోపల గ్రాఫిక్స్ లేదు, కార్డు లేకుండా స్క్రీన్ మీద ఏమీ రాదు. "5600జీ కూడా అదే కదా, గ్రాఫిక్స్ ఎక్స్‌ట్రా వస్తుంది" అని షాపులో అంటే ఒప్పుకోవద్దు. 5600జీలో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలుండే చిన్న వేగమైన మెమరీ) 16 ఎంబీయే, 5600లో 32. పైగా 5600జీ పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3 దగ్గరే ఆగుతుంది. 5500 కూడా అంతే. వాలరెంట్, సీఎస్2 లాంటివి 144 ఎఫ్‌పీఎస్ మీద ఆడేటప్పుడు కార్డుకన్నా ముందు అలిసిపోయేది ప్రాసెసరే, ఆ క్యాష్ తేడా అక్కడే తెలుస్తుంది. కార్డు ఆర్నెల్ల తర్వాత కొంటాం అనుకునేవాళ్లకే 5600జీ.

బోర్డు దగ్గర పెద్ద ఆలోచన అక్కర్లేదు. రైజెన్‌కు బీ550 దొరికితే సరే, ఏ520కి రెండు వేలు తగ్గితే అదీ సరే. ఏ520లో ఓవర్‌క్లాకింగ్ (ప్రాసెసర్ వేగం పెంచి నడపడం) లేదు, పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3 మాత్రమే, అయినా ఎనిమిది లేన్ల కార్డుకు దానివల్ల పోయేది చాలా కొంచెం. జాగ్రత్త పడాల్సింది బయోస్ దగ్గర, అంటే బోర్డును మొదట లేపే సాఫ్ట్‌వేర్ దగ్గర. షాపులో చాలాకాలం పడి ఉన్న బీ450 బోర్డు ఇస్తే దాని బయోస్‌కు 5600 అంటే ఏమిటో తెలియకపోవచ్చు, ఫ్యాన్లు తిరుగుతాయి, స్క్రీన్ నల్లగా ఉంటుంది, ప్రాసెసర్ పోయిందని మీరు కంగారు పడతారు. పెట్టె మీద రైజెన్ 5000కు సిద్ధం అన్న స్టిక్కర్ చూడండి. లేకపోతే అక్కడే అప్‌డేట్ చేసి ఇమ్మనండి. వెనక బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డయితే మీరే చేసుకోవచ్చు: ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో బయోస్ ఫైలు, మాన్యువల్‌లో చెప్పిన పేరుతో పెట్టి, గుర్తు వేసిన యూఎస్‌బీ పోర్టులో గుచ్చి బటన్ నొక్కడమే. లైటు మినుకుమంటున్నంతసేపు కరెంటు పోకూడదు. కాబట్టి యూపీఎస్ మీద పెట్టి చేయండి.

ర్యామ్ 8 జీబీ స్టిక్కులు రెండు, డీడీఆర్4 3200. "ఇప్పుడు 16 జీబీది ఒకటి వేసుకోండి, తర్వాత ఇంకోటి కలుపుకోవచ్చు" అనే సలహా వినడానికి బాగుంటుంది. ఒక స్టిక్కుతో ర్యామ్ సెకనుకు 25.6 జీబీ ఇస్తుంది, రెండిటితో 51.2. సగం దారి మూసేసి బండి నడిపినట్టు. సగటు కొంచెమే తగ్గినా కనిష్ఠ ఎఫ్‌పీఎస్ దారుణంగా పడుతుంది. నాలుగు స్లాట్ల బోర్డయితే ప్రాసెసర్ నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది, అంటే ఏ2, బీ2లో పెట్టాలి. పక్కపక్కన పెడితే రెండు స్టిక్కులున్నా ఒక్కటి ఉన్నట్టే నడుస్తాయి. ఆ తర్వాత బయోస్‌లో ర్యామ్‌ను దాని మీద రాసిన వేగానికి తెచ్చే ఎక్స్‌ఎమ్‌పీ ఆన్ చేయాలి, కొన్ని బోర్డుల్లో దానికి డీఓసీపీ అని పేరు. చేయకపోతే 3200 ర్యామ్ 2133 దగ్గరో, 2400, 2666 దగ్గరో తిరుగుతూ ఉంటుంది. డబ్బులిచ్చి కొన్న వేగం ఏళ్లతరబడి వాడకుండా ఉన్నవాళ్లు చాలామంది. ఆన్ చేశాక సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్‌లో 1600 అని కనిపిస్తే భయపడొద్దు, డీడీఆర్ అంటే దానికి రెట్టింపు లెక్క, 3200 వచ్చినట్టే.

ఎస్‌ఎస్‌డీ ఎన్‌వీఎమ్‌ఈ (సాటాకన్నా వేగమైన రకం) అని బిల్లులో రాయించండి. ఎమ్‌.2 ఆకారంలో సాటా ఎస్‌ఎస్‌డీలు కూడా ఉంటాయి, చూడ్డానికి దాదాపు ఒకేలా ఉంటాయి. ఎన్‌వీఎమ్‌ఈలోనే జెన్3, జెన్4 అనే తరాల మధ్య గేముల్లో మీకు తేడా తెలియదు. పెద్ద గేమ్ ఒక్కటే 100 జీబీ దాటుతోంది కనుక వేగంకన్నా సైజుకే డబ్బు పెట్టండి.

ఇప్పుడు ఎస్‌ఎమ్‌పీఎస్. అన్నిటికన్నా ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే, ఎందుకంటే దీనివల్ల ఒక్క ఎఫ్‌పీఎస్ కూడా పెరగదు. డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసిన వాట్లు నమ్మొద్దు. పక్కన అంటించిన పట్టికలో 12 వోల్టుల గడి చూడండి, అక్కడి ఆంపియర్లను 12తో గుణించండి. మంచి 550 వాట్ల యూనిట్‌లో అక్కడ 45 ఆంపియర్ల చుట్టుపక్కల ఉంటుంది, అంటే 540 వాట్లు. క్యాబినెట్‌తో పాటు ఊరికే వచ్చే "450 వాట్స్"లో 16, 18 ఆంపియర్లు కనిపిస్తాయి. 18 ఇంటూ 12, 216. మిగతా వాట్లన్నీ 3.3, 5 వోల్టుల గడుల్లో నింపి కూడినవి, మీ కార్డు, ప్రాసెసర్ రెండూ తాగేది 12 వోల్టుల నుంచే. మీ బిల్డ్ లెక్క వేద్దాం: కార్డుకు 132, ప్రాసెసర్‌కు గట్టిగా నడిపితే 76, బోర్డు, ర్యామ్, ఫ్యాన్లు, ఎస్‌ఎస్‌డీ కలిపి ఓ 50. దాదాపు 260. ఆ 216 డబ్బా గేమ్ మొదలెట్టిన పది నిమిషాలకు కంప్యూటర్‌ని రీస్టార్ట్ చేస్తుంది, మీరేమో విండోస్ మళ్లీ ఎక్కిస్తూ కూర్చుంటారు. రీస్టార్ట్‌తో ఆగితే అదృష్టమే, పోతూ పోతూ బోర్డునో కార్డునో వెంట తీసుకెళ్లేవీ ఉన్నాయి.

అందుకని పేరున్న కంపెనీ 550 వాట్లు, 80 ప్లస్ బ్రాంజ్, కనీసం మూడేళ్ల వారంటీ, ఐదేళ్లుంటే ఇంకా మంచిది. 80 ప్లస్ అనేది కరెంటు ఎంత వృథా అవుతుందో చెప్పే ముద్ర మాత్రమే, లోపలి రక్షణలకు హామీ కాదు. వారంటీ ఎన్నేళ్లన్నది అంతకన్నా నిజాయితీగా చెప్తుంది. కార్డుకు 8 పిన్ కేబుల్ నేరుగా ఎస్‌ఎమ్‌పీఎస్ నుంచే రావాలి. సాటా కనెక్టర్ నుంచి 8 పిన్‌కు మార్చే చిన్న కన్వర్టర్ ఎవరైనా ఇస్తే తిరిగి ఇచ్చేయండి, ఆ సాటా పిన్నులు అంత కరెంటు మోయడానికి చేసినవి కావు, కరిగిపోతాయి.

ఇదే వరసలో కరెంటు సంగతి. ఇళ్లలో ఎక్కువగా కనిపించే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సుమారు 360 వాట్లు. మానిటర్‌తో కలిపి మీరు 300 దగ్గరికి చేరతారు. బ్యాటరీ కొత్తగా ఉన్నంతకాలం సేవ్ చేసి ఆఫ్ చేయడానికి చాలుతుంది, ఏడాదిన్నర తర్వాత కరెంటు పోయీపోగానే అది కూడా పోతుంది. కుదిరితే 1000 వీఏ తీసుకోండి. క్యాబినెట్ ముట్టుకుంటే చేతికి జిలజిలమంటోందా? అది ఎస్‌ఎమ్‌పీఎస్ చెడిపోయినందుకు కాదు. లోపలి ఫిల్టర్ కెపాసిటర్లు ఫేజ్, న్యూట్రల్ రెండిటి నుంచీ కొద్దిపాటి కరెంటును ఎర్త్‌కు పంపుతాయి. గోడలో ఎర్త్ లేకపోతే, లేదా మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల జంక్షన్ బాక్స్‌లో దూరిస్తే, ఆ కరెంటు దిక్కులేక ఇనుప డబ్బా మీదే నిలుస్తుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య టెస్ట్ బల్బు వెలిగించి చూడమనండి. మసగ్గా వెలిగినా వెలగకపోయినా ముందు ఎర్తింగ్ సరి చేయించండి, తర్వాతే కంప్యూటర్.

క్యాబినెట్‌కు ముందు భాగం జాలీగా ఉండాలి. అద్దం ముందు పెట్టి, వెనకాల మూడు రంగుల ఫ్యాన్లు బిగించినవి ఫొటోలకు బాగుంటాయి, ఆ ఫ్యాన్లకు పీల్చుకోవడానికి గాలే ఉండదు. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో బయట 43, 44 ఉన్నప్పుడు ఏసీ లేని గదిలో ఇది ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కర్లేదు. ముందు రెండు లోపలికి, వెనక ఒకటి బయటికి. చాలు. 5600 90 డిగ్రీలకు చేరితే తనే వేగం తగ్గించుకుంటుంది, మీకు అది గేమ్ నెమ్మదించినట్టు కనిపిస్తుంది. కార్డు పొడవు క్యాబినెట్‌లో పడుతుందో లేదో మిల్లీమీటర్లలో చూసుకోండి.

మీరే బిగించుకుంటానంటే తడబడే చోట్లు నాలుగే. ఏఎమ్4 (రైజెన్ 5600 కూర్చునే సాకెట్) బోర్డులో పెట్టెతో వచ్చిన కూలర్ స్క్రూలతో బిగుస్తుంది, దానికోసం బోర్డు మీది రెండు ప్లాస్టిక్ బ్రాకెట్లు విప్పాలి. విప్పగానే వెనకున్న లోహపు పలక కింద పడిపోతుంది, ఒక చేత్తో దాన్ని పట్టుకుని విప్పండి. కూలర్ కింద పేస్టు ముందే రాసి ఉంటుంది, మళ్లీ వేయక్కర్లేదు. తర్వాతెప్పుడైనా కూలర్ తీయాల్సివస్తే నిలువుగా లాగకండి, ప్రాసెసర్ దానికే అతుక్కుని సాకెట్ లోంచి ఊడొస్తుంది, పిన్నులు వంగుతాయి. కాసేపు నడిపి వేడెక్కాక ఆఫ్ చేసి, అటూ ఇటూ మెల్లగా తిప్పి తీయండి. బోర్డు మూలనున్న ప్రాసెసర్ పవర్ కేబుల్ 4+4, కార్డుది 6+2, రెండూ ఎనిమిది పిన్నులే కానీ ఒకటి బదులు ఇంకోటి బలవంతంగా దూర్చొద్దు. ఇక ఐఓ షీల్డ్ (వెనక పోర్టుల చుట్టూ పెట్టే రేకు) విడిగా వచ్చిన బోర్డయితే బోర్డు బిగించాక అది గుర్తొస్తుంది, అందరికీ.

మొదటిసారి ఆన్ చేశాక స్క్రీన్ రాకపోతే బోర్డు అంచున సీపీయూ, డీరామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న లైట్లున్నాయేమో చూడండి. ఏది ఆగకుండా వెలుగుతోందో తప్పు అక్కడ. డీరామ్ దగ్గర ఆగితే చాలాసార్లు స్టిక్కు పూర్తిగా దిగలేదనే అర్థం, రెండువైపులా టక్కుమనేదాకా నొక్కండి. హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్ బోర్డు పోర్టులో కాదు, కింద అడ్డంగా ఉన్న కార్డు పోర్టులో పెట్టాలి. ఇది చదివి నవ్వొచ్చు, రోజూ ఎవరో ఒకరు చేసే పొరపాటే.

విండోస్ 11లో వాలరెంట్ వ్యాన్ 9001 అని ఎర్రర్ చూపితే గేమ్ మళ్లీ డౌన్‌లోడ్ చేయకండి. దానికి టీపీఎమ్ 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా సదుపాయాలు రెండూ కావాలి. బయోస్‌లో సీఎస్‌ఎమ్ (పాత పద్ధతి బూట్) ఆఫ్, ఎఫ్‌టీపీఎమ్ (ప్రాసెసర్‌లోని టీపీఎమ్) ఆన్, సెక్యూర్ బూట్ ఆన్. డిస్కు ఎంబీఆర్ అనే పాత విభజన పద్ధతిలో ఉండగా సీఎస్‌ఎమ్ ఆఫ్ చేస్తే విండోసే ఎక్కదు, కనుక ముందు డిస్క్ మేనేజ్‌మెంట్‌లో కొత్త పద్ధతి జీపీటీ అని ఉందో లేదో చూసుకోండి. కొత్తగా విండోస్ ఎక్కిస్తున్నారు కాబట్టి మొదటే సీఎస్‌ఎమ్ ఆఫ్ చేసి మొదలెడితే ఈ గొడవే ఉండదు.

చివరగా మీ 144 హెర్ట్జ్ మానిటర్ సంగతి. కొత్త కార్డు పెట్టాక విండోస్ చాలాసార్లు దాన్ని 60 దగ్గరే నడుపుతుంది. డిస్‌ప్లే సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళ్లి 144 ఎంచుకోండి. అక్కడ 144 కనిపించకపోతే పాత హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్ తీసి డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ పెట్టి చూడండి. బిల్లులో ప్రతి వస్తువు సీరియల్ నంబరూ ఉందో లేదో చూసుకున్నాకే షాపు మెట్లు దిగండి. లిస్టు రాయించాక ఇక్కడ పెడితే ఒక్కో మోడల్ చూసి చెప్తాను.